బిడ్డెత్తు బంగారం

హన్మకొండలో ఎలక్ట్రిక్ సైకిళ్లు అమ్మే మధును మా బావ సారంగపాణి అడిగిన ప్రశ్న, ఆ దుకాణం తెరిచిన నాటి నుంచి ఇంకెవరూ అడిగి ఉండరు. గుట్టలెక్కే సైకిళ్లు రెండింటిని మధు పక్కపక్కన నిలబెట్టి, దేని మోటరు ఎంత బలమైందో, దేని బ్యాటరీ ఎంత దూరం వస్తుందో ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. బావ చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నాడు. విని, "అంత మంచిగనే ఉన్నది గని సారూ, మేడారం అమ్మకు మొక్కు ముట్టాలంటే రెండిట్ల ఏది తీస్కోవాలె?" అన్నాడు.

మధు బిత్తరపోయి బావ కూతురు సింధు వైపు చూశాడు. సింధు నా వైపు చూసింది. నేను నవ్వాను. నా పేరు సరోజన, ఆయన భార్యకు చెల్లెల్ని. బావను చూసి నవ్వడానికి మరదలికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మా అక్క నిర్మల మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

కాశిబుగ్గలో జంపఖానాల సారంగపాణి అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వాళ్ల నాయిన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని బావ చిన్నప్పుడే సైకిలెక్కాడు. నేసినవన్నీ చుట్టలు చుట్టి, క్యారియర్ మీద తాడుతో బిగించి, వర్ధన్నపేట వైపు కొన్నాళ్లు, ములుగు అడవి ఊళ్ల వైపు కొన్నాళ్లు తిరిగి అమ్మేవాడు. వెనుక నుంచి చూస్తే మనిషి కనబడేవాడు కాదు, జంపఖానాల కుప్ప ఒకటి దానంతటదే రోడ్డు మీద పోతున్నట్టు ఉండేది. ఆ ఊళ్ల ఆడవాళ్లు ఆయనను 'జంపఖానాల పిలగాడు' అని పిలిచేవారు. పెళ్లయినా పిలగాడే, మీసాలు నెరిసినా పిలగాడే. తర్వాత కాశిబుగ్గలో సొంత దుకాణం పెట్టినప్పుడు కూడా సైకిల్‌ను అమ్మలేదు. దుకాణం ముందు నిలబెట్టి రోజూ తుడిచేవాడు.

అక్కకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. మూడో కాన్పు సింధు. పుట్టడమైతే పుట్టింది గాని బరువు పెరగలేదు. దవాఖానకు తీసుకుపోయినప్పుడల్లా నర్సమ్మ తూకం వేసేది, తల అడ్డంగా ఊపేది. ఆ తూకం చూడలేక బావ బయట వరండాలో నిలబడేవాడు. ఆ ఏడాది మేడారం జాతరకు జంపఖానాలు అమ్ముకోవడానికి పోయి, అక్కడ జనం చేసే పని చూశాడు. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని కాంటా పళ్లెంలో కూర్చోబెట్టి, ఆ మనిషి ఎత్తు బెల్లం తూచి, సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర పెడతారు. బావ అమ్మడం మానేసి గద్దెల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా బిడ్డ బరువు పెరగనియ్యి. నా ఒంట్ల పాణం ఉన్నన్ని జాతర్లు బిడ్డెత్తు బంగారం నీకు తెస్త. బస్సుల తేను, లారీల తేను. నా సైకిల్ మీద, నా కాళ్లతోని తొక్కుకుంట తెస్త."

సింధు బరువు పెరిగింది. అమ్మ దయ అనండి, మందుల మహిమ అనండి, మా అక్క తిప్పలు అనండి, మీ ఇష్టం. బావకు మాత్రం అనుమానం లేదు.

మొదటి జాతరకు బెల్లం చిన్న మూట, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని పోయాడు. రెండేళ్లకోసారి జాతర, ప్రతి జాతరకూ మూట పెరిగింది. తూకం దగ్గర అందరూ చేసే మోసం మీకు తెలియంది కాదు. ఎత్తు తక్కువ రావాలని ముందు రోజు ఉపాసం ఉండేవాళ్లున్నారు, చెప్పులూ గొలుసులూ విప్పేసి ఎక్కేవాళ్లున్నారు. మా బావది ఉల్టా మోసం. దసరా నుంచే పిల్లకు నెయ్యి పోసి పోసి పెట్టేవాడు. కాంటా ఎక్కేముందు, "చెంబెడు నీళ్లు తాగు బిడ్డా, ఇంకో చెంబు తాగు" అని బతిమిలాడేవాడు. చెప్పులు విప్పనిచ్చేవాడు కాదు. బీట్‌బజార్‌లో బెల్లం అమ్మే రాజమౌళి ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని పళ్లెంలో వేస్తుంటే, చేను పండిన రైతులా చుట్టూ చూసేవాడు. సింధు పది పాసైన రోజున కూడా ఆ మొహం నేను చూడలేదు.

"నీ బిడ్డ అమ్మ కోసం పెరుగుతాందా, రాజమౌళి కొట్టు కోసం పెరుగుతాందా బావా?" అని అడిగేదాన్ని.

"పెరుగుతాంది గదా, ఎవలి కోసమైతేంది?" అనేవాడు.

సింధు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. పెళ్లయి నక్కలగుట్టలో కాపురముంటోంది. నిండుగా, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పోయిన జాతరకు కూడా బావ ఆమె ఎత్తు బెల్లం పాత సైకిల్ మీద కట్టుకుని, ఎక్కలేని చోట దిగి తోసుకుంటూ మేడారం చేర్చాడు. వచ్చాక నాలుగు రోజులు లేవలేదు. లేచి, "ఈసారి మంచి బరువున్నది" అన్నాడు, పెండ్లి భోజనం మెచ్చుకున్నట్టు.

తర్వాతి ఎండాకాలంలో దుకాణంలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంటు వేశారు. గుండె బలం సగానికి పడిపోయిందనీ, మెల్లగా నడవొచ్చు గాని బరువులు మోయడం, ఎక్కుడు తొక్కడం ఇక మరిచిపోవాలనీ డాక్టరు చెప్పాడు. బావ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి మంచంలో పడుకుని, "జాతర ఎప్పుడు పడుతాంది?" అని అడిగాడు.

అక్క ఏడ్చింది. నేను తిట్టాను. సింధు పక్కన కూర్చుని నచ్చచెప్పింది.

"బాపూ, మొక్కు నా పేరు మీదిది. నేనే చెప్తాన్న, ఇన్నేండ్లు తెచ్చింది చాలు."

"నువ్వు చెప్తే కాదు బిడ్డా. తీస్కున్నామె చెప్పాలె."

ఇది మొండితనం అనుకుంటే తేలికే, రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లం. కానీ అది భయం. మొక్కు తప్పితే తనకేమైనా ఆయనకు ఫికర్ లేదు. సింధుకు ఏమవుతుందో అన్నదే ఆయన దిగులు. పిల్ల తుమ్మినా జాతర ఎంత దూరముందో లెక్క చూసుకునే మనిషి. అడవి తల్లులు ఒకరి మీద పగబట్టుకుని కూర్చుంటారా అని నేనంటే, "నీకేం తెలుసు? ఆ తూకం బాధ నువ్వు పడలే" అనేవాడు. నిజమే, వరండాలో నిలబడింది నేను కాదు.

మోటరున్న సైకిల్ ఆలోచన సింధుదే. తొక్కినట్టూ ఉంటుంది, గుండె మీద భారం పడకుండానూ ఉంటుంది. కొండలెక్కే రకం తీసుకుందామంది.

"మనకాడ కొండలు యాడున్నయే?" అన్నాను.

"ములుగు కాడ గట్టమ్మ గుట్ట లేదా చిన్నమ్మా? ఆ ఎక్కుడు నువ్వు ఒట్టిగ నడిచినా రొప్పుతవు."

అట్లా మధు దుకాణానికి పోయాం. మధు మంచివాడు. మొక్కు సంగతంతా విన్నాక, మాటలతో తేలేది కాదని రెండు సైకిళ్లనూ ట్రాలీ ఆటోలో వేసుకుని ఉర్సు గుట్ట దగ్గరికి తెచ్చాడు.

ముందు బరువైనది దింపాడు. పెద్ద మోటరు, పెద్ద బ్యాటరీ, లావు టైర్లు. ఇద్దరు పట్టుకుంటే గాని ఆటోలోంచి దిగలేదు. బావ ఎక్కి ఇట్లా కాలు ఆనించాడో లేదో అది గుట్ట మీదికి పోయింది. మేం కింద చప్పట్లు కొట్టాం. అక్క ఆకాశం వైపు చేతులు జోడించింది. బావ దిగివచ్చాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, మొహంలో నవ్వూ లేదు.

"ఎట్లున్నది బావా?"

"నేను తొక్కలే సరోజనా. కాళ్లు ఉత్తగ తిరిగినయ్. నన్ను మూటలెక్క ఏసుకోని అదే పోయింది."

తర్వాత తేలికది. సన్నగా, చూడటానికి మామూలు సైకిల్ లాగే ఉంది. బావ ఒంటి చేత్తో లేపి, "అల్కగున్నది" అని మురిసిపోయాడు. దానికి చిన్న మోటరు. మనం ఎంత కష్టపడితే దానికి తగ్గట్టు అది కాస్త చెయ్యి వేస్తుంది, మనం ఆగితే అదీ ఆగుతుంది. సగం గుట్ట దాకా బావ కూర్చుని తొక్కాడు, తర్వాత లేచి నిలబడి తొక్కాడు. కిందికి వచ్చేసరికి పెదవులు తెల్లబడ్డాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కానీ చిన్న పిల్లవాడిలా నవ్వుతున్నాడు.

"గిది నాయమైన బండి. నా పాలు నేను తొక్కిన, దాని పాలు అది తొక్కింది. నాతోని పొత్తు గూడింది."

"ఆ పెదవులు జూడు. జూసినంక గూడ ఏది తీస్కోవాల్నో ఆలోచన చెయ్యాల్నా?" అంది అక్క.

మధు ఆమె మాటే బలపరిచాడు. "సార్, చిన్నదానికి క్యారియర్ నేను కట్టిస్త. గని యాభై కిలోలు దాటితే నా జిమ్మేదారి లేదు. ఎక్కుడుల అంత బరువుకు ఆ మోటరు సరిపోదు, మిగిలిందంత మీ గుండె మీద పడుతది. మీకు పెద్దదే కరెక్టు."

ఇంటికొచ్చి ఆ సాయంత్రం కొట్లాడుకున్నంత పని చేశాం. "బస్సులల్ల, కార్లల్ల వచ్చేటోళ్ల మొక్కులు ముడుతలేవా బావా?" అని అడిగాను.

"వాళ్లు బస్సుల వస్తమని మొక్కిండ్రు. నేను తొక్కుకుంట వస్తనని మొక్కిన."

దీనికి ఏ పండితుడు జవాబు చెప్తాడో చెప్పమనండి. అక్కకు ఎప్పుడూ లేనంత కోపమొచ్చింది. "బిడ్డ ఉండాలెనని మొక్కినవు, సరే. బిడ్డకు బాపు ఉండొద్దా?" అని గిన్నె విసిరేసింది. బావ గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు, ఆయన కుందేలుకు రెండే. తెల్లారి పోయి తేలిక సైకిల్ తెచ్చుకున్నాడు.

మధు చెప్పిన యాభై కిలోల మాట ఒక్కటి సింధు మనసులో పడి ఉండిపోయింది.

దసరా వచ్చింది. బావ ఎప్పటిలాగే నెయ్యి డబ్బా, పల్లి ఉండలు నక్కలగుట్టకు పంపించాడు. సింధు తీసుకుని, బ్యాంకులో వాళ్లకూ వీళ్లకూ పంచిపెట్టింది. మా దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో తినొచ్చానంది, ఇంట్లో మొగుడితో పుట్టింట్లో తిన్నానంది. సంక్రాంతి ముగ్గులు వేసేనాటికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. సన్నబడ్డావు, ఏం చేశావు, మాకూ చెప్పు అన్నారు. ఈ రోజుల్లో ఆడది చిక్కితే అందరికీ పండుగే కదా. బావ ఒక్కడే, "గట్ల గుంజుకపోయినవేంది బిడ్డా?" అన్నాడు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పింది. బ్యాంకులో కౌంటర్ వెనుక కళ్లు తిరిగి పడిన సంగతి మాకు తెలియనియ్యలేదు.

తూకం రోజు వచ్చింది. రాజమౌళి కొట్టులో దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాంటా ఉంది. అనుభవమున్న మనిషి కాబట్టి, పోయిన జాతర లెక్కన ఒక పళ్లెంలో ముందే బెల్లం ముద్దలు పేర్చి పెట్టాడు. సింధు చెప్పులతోనే రెండో పళ్లెంలో ఎక్కి కూర్చుంది. బెల్లం పళ్లెం నేల మీదే ఉంది. సింధు గాలిలోకి లేచింది.

రాజమౌళి ఒక ముద్ద తీసి కింద పెట్టాడు. కాంటా కదల్లేదు. ఇంకోటి తీశాడు.

"ఏంది రాజమౌళీ, కాంట కరాబయిందా?" అన్నాడు బావ.

"కాంట మంచిగనే ఉన్నదన్నా."

ఇంకో ముద్ద. ఆ కొట్టులో ఇన్నేళ్లూ ముద్దలు వేయడమే చూసిన మనిషి ముందు, వేసినవి ఒక్కొక్కటీ తీసి నేల మీద పెడుతున్నారు. బావ మొహం ముద్ద ముద్దకూ నల్లబడింది. చివరికి రెండు పళ్లేలూ సరితూగాయి. సింధు పైనుంచి నవ్వుతూ, ఫస్టు ర్యాంకు వచ్చిన పిల్లలా చెప్పింది.

"యాభై లోపలనే బాపూ! ఇగ నీ అల్క బండి మీద మంచిగ పోతది."

బావకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బెల్లం బస్తా మీద కూర్చుండిపోయాడు.

"తిండి మానేసినవా?"

సింధు నవ్వు ఆగిపోయింది. "జర తక్కువ తిన్న, గంతే."

నడి బజారులో, అంత జనంలో, మా బావ తలకాయ పట్టుకుని ఏడ్చాడు. నాయిన చచ్చిపోయిన నాడు కూడా అట్లా ఏడవలేదు. "నీ బరువు పెరగాలెనని గదనే నేను మొక్కింది? దవాఖానల నిన్ను తూసినప్పుడల్లా నా పాణం పోయేది. మళ్ల నా కండ్ల ముంగట తగ్గుతవా? నా కోసం తగ్గుతవా?"

సింధు పళ్లెం దిగి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి బావ లేచి, నేల మీది ముద్దలను ఒక్కొక్కటిగా ఎత్తి మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

"మొత్తం కట్టు రాజమౌళీ. నా బిడ్డ ఇంత ఉండాలె."

"అన్నా, ఎత్తు తప్పుతది గదా."

"తప్పనీ." సింధు వైపు తిరిగాడు. "పెద్ద బండే తెస్త బిడ్డా. మోటరే గుంజనీ. నువ్వు మాత్రం తిను."

ముప్ఫై ఏళ్లు పట్టుకున్న మాటను ఆయన ఆ బెల్లం కొట్టులో వదిలేశాడు. మాకు సంతోషమే అయింది, అబద్ధమెందుకు? మధు ఆ సాయంత్రమే తేలిక సైకిల్ వెనక్కి తీసుకుని బరువైనది ఇచ్చాడు. వెనుక ఇనుప క్యారియర్ వెల్డింగ్ చేయించాం. ఆ రాత్రి సింధు తండ్రి పక్కన కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

జాతర రద్దీ పెరగక ముందే బయలుదేరాం. దారిలో ఒక రాత్రి ఆగి, రెండు రోజుల్లో మెల్లగా పోదామన్నాం. ముందు బావ సైకిల్, వెనుక జీపులో మేం ముగ్గురం. గట్టమ్మ గుట్ట ఎక్కుడు దగ్గర మా గుండెలు అరచేతిలో పెట్టుకున్నాం. సైకిల్ బావనూ బెల్లాన్నీ కలిపి పైకి ఎక్కించేసింది. సింధు ఫోన్‌లో వీడియో తీస్తూ ఈల వేసింది. అక్క అప్పుడు గాని టిఫిన్ డబ్బా మూత తీయలేదు. గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టినప్పుడు బావ మాత్రం, ఇంకొకరి పెళ్లికి వచ్చినట్టు ఒక పక్కన నిలబడ్డాడు.

తాడ్వాయి దాటాక అడవి దారిలో, మాలాగే ముందే బయలుదేరిన జనం బండ్లన్నీ ఆగిపోయాయి. జీపు ముందుకూ పోదు, వెనక్కూ పోదు. కూర్చోలేక నేను దిగి, బండ్ల సందుల్లోంచి నడిచి బావను కలుసుకున్నాను. ఆయన చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. రెండు రోజులుగా లేని చెమట. హ్యాండిల్ దగ్గర వెలగాల్సిన పచ్చ లైటు వెలగడం లేదు.

"బావా, మోటరు బంద్ జేసినవా?"

"ఈడికెల్లి అమ్మ జాగ. గీ జరంత దూరమన్న నేను తీస్కపోత."

"నీకు పిచ్చి లేసిందా? ఆ బండే ఓ బర్రె, దాని మీద బిడ్డెత్తు బెల్లం!"

"మెల్లగ పోత. అరవకు. సింధుకు చెప్పకు, మోటరే తెచ్చిందనుకోని. దానికి నిమ్మలముంటది."

మోటరు ఆగితే ఆ సైకిల్ అంత పాపిష్టిది ఇంకోటి లేదు. తేలికదైతే మామూలు సైకిల్‌లా తొక్కుకుని పోవచ్చు. ఇది తన బరువు తానే మోయలేదు. బావ నాలుగు అడుగులు తొక్కడం, దిగి తోయడం, చెట్లను చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం. నేను బటన్ నొక్కబోతే మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఎండలో ఆయన చెయ్యి చల్లగా ఉంది. నేను ఏడుస్తూ వెనుక నుంచి తోశాను. "చెయ్యి పెట్టకు సరోజనా, నా మొక్కు" అన్నాడు. ఆయన ముందుకు చూసినప్పుడల్లా తోశాను. అమ్మకు కోపం వస్తే నా మీద రానీ అనుకున్నాను.

జంపన్న వాగు కనబడగానే ఆగి, ఊపిరి కూడదీసుకుని, మోటరు మళ్లీ ఆన్ చేశాడు. అక్కా సింధూ నడిచి వచ్చేసరికి పచ్చ లైటు వెలుగుతోంది. "మంచిగొచ్చినవా బాపూ?" అంది సింధు. "రామసక్కగొచ్చిన" అన్నాడు.

గద్దెల దగ్గర ఒకరినొకరు తోసుకునే జనం. బావ బెల్లం ముద్దలు ఎత్తుతుంటే సింధు పక్కనే బుట్ట పట్టుకుంది. ఆఖరి ముద్ద పెట్టి, అంత గోలలోనూ వినబడేటట్టు బావ అన్న మాట ఇది.

"అమ్మా, కొంత మోటరు తెచ్చింది, కొంత నేను తెచ్చిన. ఎత్తు గూడ తప్పింది. తప్పుంటే నన్ను పట్టు. బిడ్డను ముట్టకు."

ఉగాదికి ముందే పోయాడు. పొద్దున్నే దుకాణంలో ఎవరికో జంపఖానా పరిచి చూపిస్తూ, దాని మీదే కూర్చుండిపోయాడు. అట్లాంటి గుండెలు ఎప్పుడైనా ఆగిపోవచ్చని, ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పాడు. డాక్టర్లకేం, చెప్తారు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. అక్క ఆయన మంచం వైపు చూడకుండా ఇల్లంతా సర్దుతూ తిరుగుతోంది. సింధు పుట్టింట్లోనే ఉంది. ఆమె తినడం లేదు. ఈసారి ఎవరి దగ్గరా అబద్ధం చెప్పడం లేదు, ఊరికే తినడం లేదు.

నేను కంచంలో అన్నం పెట్టుకుపోయి పక్కన కూర్చున్నాను. సింధు కంచం పక్కకు జరిపింది.

"తప్పుంటే నన్ను పట్టు అన్నడు చిన్నమ్మా. పట్టింది. పెద్ద మోటరు వద్దంటే వద్దని మొత్తుకున్నడు. నేను తిండి మానేసి నాటకమాడి, ఆ మోటరు మీద ఎక్కిచ్చిన."

మోటరు ఆయన బంద్ చేశాడు బిడ్డా, అమ్మ ముందుకు తన కాళ్లతోనే వచ్చాడు, మొక్కు ముట్టింది అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట చెప్తే అమ్మ పట్టిందన్న దిగులు పోతుంది. కానీ మరుక్షణమే ఇంకోటి అర్థమవుతుంది. ఆ అడవి దారిలో అంత బరువు సైకిల్‌ను, ఆమె ఎత్తు బెల్లాన్ని, ఆగిపోతున్న గుండెతో తోసింది ఎవరి కోసమో అర్థమవుతుంది. చెప్తే ఒక తీరు చస్తుంది, చెప్పకపోతే ఇంకో తీరు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. బావ మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నీ బిడ్డ ముందు నోరు మూసుకుని బతకమని నన్ను ఒక్కదాన్నే వదిలిపెట్టి పోయావా అని మనసులో తిట్టాను.

నోరు మూసుకునే ఉన్నాను. అన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"తిను బిడ్డా. మీ బాపు నిన్ను ఆఖరుకు అడిగింది గదొక్కటే."

సింధు ముద్దను చూసింది, నన్ను చూసింది.

"తిని బరువు పెరిగి ఏం జెయ్యాలె చిన్నమ్మా? మోసేటోడు పాయె."

నా చేతిలో అన్నం ఎండిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.